రెండు గదుల బొంత

నేను ఒక బొంతను. ఉన్నమాట చెప్పాలంటే, మొన్న మొన్నటి దాకా రెండు సగం బొంతలను. ఒక సగం ముందుగదిలో ఒక మనిషి మీద, ఇంకో సగం వెనకగదిలో ఒక పిల్లి కింద. ఒకే ప్రాణం రెండు గదుల్లో పడుకుంటే ఎలా ఉంటుందో మీకు తెలియదు. మీరు ఒక్క గదిలో పడుకునే సరిగ్గా నిద్రపోలేరు.

మనుషుల గురించి నేను నేర్చుకున్నది కొంచెమే. నిలబడ్డ మనిషి చెప్పేది సగం నమ్మాలి. కూర్చున్న మనిషి చెప్పేది ముప్పావు నమ్మాలి. పడుకుని, నన్ను మెడ దాకా లాక్కుని, గోడవైపు తిరిగి చెప్పేది మాత్రం పూర్తిగా నమ్మవచ్చు. అది వినేది నేను ఒక్కదాన్నే కాబట్టి, ఇన్నేళ్ళుగా నాలో దూది లేకపోయినా బరువు పెరుగుతూనే ఉంది.

నేను పుట్టింది కమలాపూర్‌లో, ఒక సాలెవాళ్ళ ఇంటి అరుగు మీద. ఆ ఇంటి పెద్దామె వాడి వాడి మెత్తబడ్డ ఏడు చీరలు తెచ్చి ఒకదాని మీద ఒకటి పరిచింది. అందులో ఒక నీలం చీర ఉంది. దాన్ని దూలానికి కట్టి ఉయ్యాల చేసి కూతురు వనమాలను రెండేళ్ళు ఊపిందట. కుట్టడానికి వచ్చింది బాలవ్వ. ఇల్లిల్లూ తిరిగి బొంతలు కుట్టే మనిషి. సూదిని కొప్పులో గుచ్చుకుని నడిచేది. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, నా మీదే కూర్చుని, మూడు రోజులు కుట్టింది. కుడుతున్నంతసేపూ ఊళ్ళో అందరి సంగతులూ చెప్పింది. బహుశా నా గుణం అక్కడిదే.

చివరికి వచ్చేసరికి ఒక మూల జానెడు మేర కుట్టకుండా వదిలేసి లేచింది.

"ఇదేందవ్వా, మూల ఇడిసిపెట్టినవ్?" అని అడిగింది వనమాల తల్లి.

"ఉండనియ్ బిడ్డా. మొత్తం కుడితె ఇగ పనైపోయిందనుకుంటది. కప్పుకునేటోళ్ళే కుట్టుకుంటరు తియ్" అని బాలవ్వ సూదిని కొప్పులో గుచ్చుకుని వెళ్ళిపోయింది. ఎంత గొప్ప మాట అని ఆ ఇంట్లో చాలాకాలం చెప్పుకున్నారు. నాకు మాత్రం ఒక అనుమానం ఉండిపోయింది. ఆ రోజు ఆమె దగ్గర దారం అయిపోయి ఉండవచ్చు.

వనమాలకు బస్సు కండక్టర్ ఉద్యోగం వచ్చినప్పుడు నన్ను మూట కట్టి ఆమెతో పంపారు. హన్మకొండలో ఒంటిగది. మొదటి వారమంతా ఆమె నన్ను తల మీదుగా కప్పుకుని, సిగ్గు పోవడానికి, లోపల ఊళ్ళ పేర్లు అరిచేది. "హసన్‌పర్తి, ఎల్కతుర్తి, హుజూరాబాద్, కేశవపట్నం, మానకొండూరు, కరీంనగర్!" నేను ఆ దారి చూడలేదు గానీ ఏ ఊరి తర్వాత ఏ ఊరో నాకు కంఠతా వచ్చు. ఆ దారి బస్సు నడిపే సారంగపాణితోనే ఆమె పెళ్ళయింది. ఏడేళ్ళు ఆయన ముందు, ఆమె వెనక. పెళ్ళిచూపులు డ్రైవర్ తల పైన ఉండే అద్దంలోనే జరిగిపోయాయి. ఆమె "రైట్ రైట్" అంటేనే ఆయన బండి కదిలేది. ఇంట్లో కూడా అంతే. ఇప్పటికీ ఆయనను ఆమె "డ్రైవర్ సాబ్" అనే పిలుస్తుంది.

నా కుట్టని మూల వాళ్ళకు బాగా పనికొచ్చింది. ఊరెళ్ళేటప్పుడు ఆమె కమ్మలు అందులో దాచేది. మానేశానని ఒట్టేసిన మర్నాడు ఆయన సిగరెట్ పెట్టె అందులో దాచాడు. ఎవరిది ఎవరికీ దొరక్కుండా ఇద్దరివీ పదేళ్ళు కాపాడాను. పిల్లలు పుట్టలేదు. ఆ దుఃఖం కూడా కొన్నాళ్ళు నా కిందే గడిచింది, తర్వాత మెల్లగా పలచబడింది.

పిల్లి వచ్చింది మూడేళ్ళ కిందట. హుజూరాబాద్‌లో ఎవరో వంకాయల గంప ఎక్కించారు. హన్మకొండలో గంప దిగింది, లోపలున్న బూడిదరంగు పిల్లికూన దిగలేదు. వనమాల దాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. "టికెట్ లేదు, దిగుమంటె దిగది. దీని దగ్గర పాసుందేమో" అంది. ఆ రోజు నుంచి దాని పేరు పాసు. పాసుకు నేనంటే చాలా ఇష్టం. ఆ ఇష్టాన్ని గోళ్ళతో చూపించేది. నాకు పిల్లులంటే పెద్ద గౌరవం లేదని ఇక్కడే చెప్పేస్తున్నాను. అయితే మధ్యాహ్నం డ్యూటీ లేని రోజుల్లో ఆమె, ఆమె కడుపు దగ్గర ముడుచుకుని అది, ఇద్దరూ నా కింద నిద్రపోతుంటే నేను కూడా కాసేపు అన్నీ మరిచిపోయేదాన్ని.

తర్వాత ఆమె రొమ్ములో గడ్డ కనబడింది. ఆపరేషన్ అయింది. ఇరవై ఒక్క రోజులకొకటి చొప్పున ఆరు కీమోలు ఇవ్వాలన్నారు. కీమో అనే మాట ఆమె నోట రాలేదు. గోడ క్యాలెండర్ తీసుకుని ఆరు తేదీల దగ్గర ఆరు ఊళ్ళ పేర్లు రాసింది. మొదటిది హసన్‌పర్తి, చివరిది కరీంనగర్. "కరీంనగర్ల బండి ఖాళీ అయితది. అందరు దిగుడే" అని మొగుడికి నవ్వుతూ చెప్పింది. ఆ సాయంత్రం నా కింద ఆమె నవ్వలేదు.

హసన్‌పర్తికి వెళ్ళివచ్చిన రోజునే ఇంకో దెబ్బ తగిలింది. సెలైన్లన్నీ ఎక్కించుకుని ఆటోలో వచ్చిన భార్యను పడుకోబెట్టి, మందులు తెద్దామని సారంగపాణి ఆదరాబాదరా స్కూటర్ వెనక్కి తీశాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో కోడిపిల్లను కూడా తొక్కని డ్రైవరు. వెనక చక్రం కింద పాసు ఉంది.

పశువుల దవాఖానలో ఫొటో తీసి చూశారు. తుంటి ఎముక విరిగింది, వెనక కాళ్ళు రెండూ పనిచేయడం లేదు. ఆరు వారాలు నడవనివ్వకుండా ఒక పెట్టెలో ఉంచాలి, వీలైనప్పుడల్లా కాళ్ళు మెల్లగా పిసికి, వంచి, చాపాలి. "నడిస్తే నడుస్తుంది, లేకపోతే లేదు" అన్నాడు డాక్టరు. ఇంత నిజాయితీగా మాట్లాడే డాక్టరు మనుషులకు దొరకడు.

వనమాలను చూసే డాక్టరమ్మ వేరే లెక్క చెప్పింది. ఒంట్లో తెల్లకణాలు పడిపోతాయి, పిల్లి ఒక్క గీత గీరినా ప్రమాదం. అది దొడ్డికెళ్ళే మట్టిట్రే ముట్టుకోకూడదు, ఒకే పక్క మీద అసలు పడుకోకూడదు. ముట్టుకుని తీరాలంటే చేతులకు గ్లోవ్స్, మూతికి మాస్కు ఉండాలి. దాంతో పిల్లి వెనకగదిలో అట్టపెట్టెలోకి, మనిషి ముందుగదిలో మంచం మీదికి చేరారు.

చిక్కు అక్కడ వచ్చింది. నేను లేకపోతే పిల్లి పెట్టెలో పడుకోదు, అరుస్తుంది. నేను లేకపోతే వనమాలకు చలి ఆగదు. ఒక రోజంతా నన్ను అటూ ఇటూ మోశారు, ఉతికారు, మళ్ళీ మోశారు. సాయంత్రానికి భద్రమ్మ కత్తెర తీసింది.

భద్రమ్మ సారంగపాణి అక్క. పరకాలలో ఉంటుంది. పదిహేనేళ్ళ కిందట భర్త పోయాడు. తమ్ముడి భార్యకు బాగాలేదని ట్రంకుపెట్టె పట్టుకుని వచ్చింది. చెయ్యి పెద్దది, గొంతు ఇంకా పెద్దది. ఆమె నమ్మని శకునం లేదు. "పిల్లి ఎవరన్న సాదుకుంటరా? దరిద్రం" అని వచ్చిన రోజే తేల్చేసింది. అటువంటి మనిషి నేల మీద కూర్చుని నన్ను సరిగ్గా మధ్యలో కత్తిరించింది. కత్తెర నీలం చీరలో నుంచే వెళ్ళింది. నొప్పి సంగతి చెప్పను. ఆ ఇంట్లో ఆ వారం ఉన్న నొప్పుల్లో నాది చివరి వరుస.

అప్పటి నుంచి నేను రెండు గదుల్లో ఉన్నాను. మొదట్లో తల తిరిగేది. ముందుగదిలో మందుల వాసన, వెనకగదిలో ఎండుచేపల వాసన. ఇక్కడ ఒక ఊపిరి, అక్కడ ఒక ఊపిరి. రెండూ మెల్లమెల్లగా ఒకే తాళంలో పడ్డాయి. మధ్యాహ్నం మూడింటికి, కిటికీ నీడ గోడ మీద సగం దాకా వచ్చే వేళకు, ఇద్దరూ ఒకేసారి నిద్రపోయేవారు. అప్పుడు కలలు నాలోకి దిగేవి.

ఆమె కలలో ఎప్పుడూ బస్సే. మబ్బుల్లో నుంచి నెమ్మదిగా పోతుంది, కింద చెరువులు మెరుస్తుంటాయి. ప్రయాణికులందరూ ఆమె తల్లి చీరలు కట్టుకుని కూర్చుని ఉంటారు. టికెట్ కొట్టబోతే మిషన్ నుంచి కాగితం బదులు వెంట్రుకలు వస్తాయి. పిల్లి కలలో గోడలు మాత్రమే ఉంటాయి. ఎక్కడానికి గోడలు, దూకడానికి గోడలు, వాటి మీద వెచ్చని ఎండ. నేను ఒకే గుడ్డను కదా, ఎక్కడి కల అక్కడే ఆపడం నాకు చేతకాలేదు. ఒకరోజు ఆమె కలలో బస్సు పిట్టగోడ మీద నడిచింది. డ్రైవరు సీట్లో బూడిదరంగు పిల్లి కూర్చుని, అద్దంలో వెనక్కి చూస్తూ "రైట్ అను" అంది. అదే మధ్యాహ్నం వెనకగదిలో పాసు నిద్రలో పెదవులు కదిపి, అరవకుండా, ఏదో పిలుస్తున్నట్లు గొణిగింది. అది హసన్‌పర్తేనని నా నమ్మకం. మీరు నమ్మకపోయినా ఫరవాలేదు.

కీమో అయిన వారం ఆమె లేవలేకపోయేది. రెండో వారం గోడ పట్టుకుని నడిచేది. మూడో వారం ఒంట్లోకి కాస్త ప్రాణం రాగానే మాస్కు, గ్లోవ్స్ వేసుకుని వెనకగదికి వెళ్ళేది. జుట్టు లేని తలకు రుమాలు చుట్టుకుని, పెట్టె పక్కన చాప మీద కూర్చుని, పాసు వెనక కాళ్ళు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకునేది. వంచేటప్పుడు "రైట్". చాపేటప్పుడు "రైట్". వంద సార్లు. సూది లేని సిరంజితో ఉడికించిన చేపనీళ్ళు తాగించేది. ముట్టకూడదన్నందుకు ట్రే మాత్రం భద్రమ్మ ఎత్తేది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, తిట్లన్నీ కొంగులోకే తిడుతూ.

ఒక మధ్యాహ్నం సారంగపాణి డ్యూటీ నుంచి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. భార్య నిద్రపోతోందనుకుని నా అంచు లాక్కుని మోకాళ్ళ మీద వేసుకున్నాడు.

"నేనే సూసుకోలే మాలా. నీ మీదనే ఉండె పానం. దాన్ని నేనే తొక్కిన" అన్నాడు. పిల్లి గోడ మీది నుంచి పడిందని అప్పటి దాకా ఆమెకు చెప్పాడు.

వనమాల కళ్ళు తెరవలేదు. "ఎరుకే. స్కూటర్ సప్పుడు ఇన్న. పండు జరసేపు, డ్రైవర్ సాబ్" అంది. ఆయన అలాగే కూర్చుని నిద్రపోయాడు. ఆ కలలో ఏముందో చెప్పను. అది ఆయనది.

ఇప్పుడు దవాఖాన రోజుల సంగతి చెప్పాలి, కథంతా అందులోనే ఉంది. వనమాల కీమోకు బయలుదేరే పొద్దున భద్రమ్మ ఒక పద్ధతి పెట్టింది. పిల్లి ఎదురు రాకూడదు కాబట్టి వెనకగది తలుపు గొళ్ళెం వేయాలి. అయితే గొళ్ళెం లోపలి నుంచి వేసేది ఆమే. మొగుడు పోయిన ఆడది కూడా ఎదురు రాకూడదని ఆమె లెక్క. ఎవరూ ఆమెను అలా అనలేదు. మొదటిసారి సారంగపాణి కోప్పడ్డాడు కూడా. "నీకేం ఎరుక? మా అత్తగారింట్ల పదేనేండ్ల సంది నేను గిట్లనే ఉన్న. పెండ్లిళ్ళయినా, ఊరి ప్రయాణాలైనా, నేను అర్రలకు పోతెనే జనం కడప దాటేది" అని ఆమె పిల్లి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అలా హసన్‌పర్తి దాటాక జరిగిన ప్రతి ప్రయాణానికీ ఆ ఇంట్లోని రెండు అపశకునాలూ ఒకే గదిలో, నా రెండో సగం పక్కన దాక్కునేవి. ఆటో శబ్దం దూరమయ్యే దాకా భద్రమ్మ ఊపిరి కూడా గట్టిగా పీల్చేది కాదు. ఏమీ తోచక పెట్టెలోకి వంగి మాట్లాడేది.

"ఏందే, గట్ల సూస్తవ్? నువ్వు నేను ఒక్కటేనే. మనం ఎవల కండ్లకు ఆనొద్దు, అంతే." ఎల్కతుర్తి రోజున ఈ మాటే అంది. హుజూరాబాద్ నాటికి దాని గదుమ కింద గోకడం మొదలుపెట్టింది. ఎవరైనా చూస్తారేమోనని తలుపు వైపు చూసి మరీ గోకేది. మనుషులు ఇష్టాన్ని ఎందుకు దాచుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, సిగరెట్లు దాచారంటే అర్థం ఉంది.

ఆరు వారాలు అయ్యాయి. పాసు ఎముక అతుక్కుంది. కాళ్ళు మాత్రం లేవలేదు. ముందు కాళ్ళతో పాకి, వెనక భాగాన్ని ఈడ్చుకుంటూ పెట్టె అంచు దాకా వచ్చి, అక్కడ తల ఆనించి పడుకునేది. "ఇంక దాని ఇష్టం" అన్నాడు పశువుల డాక్టరు.

కేశవపట్నం వనమాలను పడగొట్టింది. నాలుగో కీమో తర్వాత నోటి నిండా పుండ్లు. మంచినీళ్ళు కూడా మంటే. చేతివేళ్ళు తిమ్మిరెక్కి, ఏం పట్టుకున్నదీ తెలియడం మానేసింది. ఒకరోజు దిండు కింద నుంచి పాత టికెట్ మిషన్ కవరు తీసి వేళ్ళతో తడిమింది. జిప్పు ఎక్కడుందో వేళ్ళకు దొరకలేదు. ఆమె ఏడ్చింది అప్పుడే. జుట్టు పోయినప్పుడు ఏడవలేదు, రొమ్ము పోయినప్పుడు నా కింద మాత్రమే ఏడ్చింది. ఆ రోజు మాత్రం కూర్చుని, పట్టపగలు, బయటికి వినబడేలా ఏడ్చింది.

మూడో వారం వెనకగదికి వెళ్ళింది గానీ కాళ్ళు పిసకలేదు. వేళ్ళలో బలం లేదు. పెట్టె పక్కన చాప మీద పడుకుని పిల్లి కళ్ళలోకి చూసింది. "నువ్వు నడువకు. నేను పోను. ఇగ సాలు పాసూ. నేను కేశవపట్నంలనే దిగిపోత" అంది.

మధ్యలో ఆపితే లోపల మిగిలింది మళ్ళీ లేస్తుందని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. ఆ మాట ఇంటికొచ్చి మళ్ళీ అనుకున్నప్పుడు వనమాల చేతిలో నా అంచు ఉంది, కాబట్టి నాకూ తెలుసు. ఆమెకు నాకంటే బాగా తెలుసు. అయినా అదే రోజు దవాఖాన కార్డు తెచ్చి, మంచం మీదున్న నా సగంలో, కుట్టని మూలలో దోపింది. ఏ రోజు ఏ మందు ఎంత ఇవ్వాలో రాసి ఉండే పచ్చకార్డు అది. అది లేకుండా వెళ్తే అక్కడ కూర్చోనివ్వరు. కమ్మలూ సిగరెట్లూ మోసిన మూలలో ఆ పలచని అట్ట ఎంత బరువుగా ఉందో చెప్పలేను. పదేళ్ళు ఎవరి రహస్యమూ బయట పెట్టనందుకు గర్వపడేదాన్ని. మొదటిసారి ఆ గర్వం నాకు నచ్చలేదు. చినిగిపోదామనిపించింది. బాలవ్వ కుట్లు, చినగవు.

మానకొండూరు రోజు వచ్చింది. ఎండ అప్పుడే వాకిట్లోకి దిగుతోంది. ఆటో గేటు దగ్గర ఉంది. భద్రమ్మ అలవాటు ప్రకారం పిల్లి గదిలోకి వెళ్ళి గొళ్ళెం వేసుకుంది. సారంగపాణి సంచీ సర్దుతూ కార్డు కోసం చూశాడు. క్యాలెండర్ వెనక లేదు, మందుల డబ్బాలో లేదు, బీరువాలో లేదు. వనమాల నా మీద, మంచం అంచున, చీర కట్టుకుని కూర్చుని ఉంది.

"పోయినట్టుంది. ఇయాల వద్దు తియ్" అంది.

"లేకున్నా పోదాం. డాక్టరమ్మ కాళ్ళు మొక్కుత" అన్నాడు ఆయన.

వెనకగదిలో భద్రమ్మ ఇదంతా వింటోంది. కార్డు పోయిందంటే ఆమె ఆగలేకపోయింది. వంటింట్లో బియ్యం డబ్బా కింద ఉందేమోనని, ఎవరికీ కనబడకుండా చూసి వద్దామని, చప్పుడు కాకుండా గొళ్ళెం తీసింది. తలుపు తిరిగి వేయడం మరిచిపోయింది. పదిహేనేళ్ళలో ఆమె చేసిన మొదటి పొరపాటు అదే.

ముందుగదిలో సారంగపాణి భార్యను రెక్క పట్టుకుని లేపాడు. ఆమె కాదనలేదు. గేటు దగ్గర చెబుదామనుకుంది, ఎక్కనని. ఆ సంగతి ఆమె చెయ్యి నన్ను వదిలేటప్పుడే నాకు తెలిసింది. నాలుగు అడుగులు నడిచింది. అలవాటుగా, దేనికీ కాకుండా, తనకు తానే నవ్వుకున్నట్లు "రైట్ రైట్" అంది.

నా రెండో సగం ఆ మాట విన్నది. నా మీద పడుకున్న పాసు కూడా విన్నది. నేను మీతో అబద్ధం చెప్పను, అప్పుడేం జరిగిందో నాకు పూర్తిగా తెలియదు. ఇన్నాళ్ళూ నా మీద కదలకుండా ఉన్న రెండు కాళ్ళూ ఒక్కసారి నన్ను కిందికి తోశాయి. పెట్టె ఒరిగింది. బరువు నా మీద నుంచి లేచిపోయింది. నేను ఖాళీ అయ్యాను.

ముందుగదిలో ఉన్న నా సగం మిగతాది చూసింది. వనమాల కుడికాలు గడప మీద ఉంది. ఆమెకూ వాకిలికీ మధ్య నుంచి, ఎడమ పక్క నుంచి కుడి పక్కకు, ఒక బూడిదరంగు పిల్లి నడిచి వెళ్ళింది. తాగినవాడి నడక. వెనక భాగం ఒకవైపు ఊగుతోంది. మూడు అడుగులు వేసి కూలబడింది, లేచింది, మళ్ళీ రెండు వేసింది. నాలుగు కాళ్ళతో.

దాన్ని పట్టుకోబోతూ వంటింట్లో నుంచి పరుగెత్తుకొచ్చిన భద్రమ్మ కూడా సరిగ్గా గడప ముందే వచ్చి నిలబడింది. ఎక్కడ నిలబడిందో తెలిశాక ఆమె ముఖంలో రక్తం లేదు.

"అయ్యో, నా నోట్ల మన్నువడ. పిల్లి ఎదురొచ్చె, నేనెదురొస్తి. రెండూ ఒక్కపారే అయిపాయె" అని నుదురు కొట్టుకుంది. ఆ వెంటనే, ఆమె ఆలోచించిందని అనుకోను, నోరు దానంతటదే అలవాటైన మాట అంది. "ఎనుకకు రా బిడ్డా. కూసో. నీళ్ళు తాగు. తాగి మళ్ల బయలెల్లు."

మీలో చాలామంది ఇళ్ళలో ఇదే పద్ధతి. పిల్లి ఎదురొస్తే ప్రయాణం మానమని ఎవరూ అనరు. వెనక్కి వచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచి బయలుదేరమంటారు. అంతవరకు ఎన్నిసార్లు చూసినా ఆ పద్ధతిలో ఏముందో నాకు తట్టలేదు.

వనమాల వెనక్కి వచ్చింది. నా మీద కూర్చుంది. భద్రమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. పుండ్లున్న నోటితో, గుక్క గుక్కకూ కళ్ళు మూసుకుంటూ, చెంబెడూ తాగింది. గుక్కల మధ్యలో పిల్లినే చూసింది. పాసు తలుపు మూల కూర్చుని, ఏమీ జరగనట్లు, వెనక కాలు నాక్కుంటోంది. సారంగపాణి గోడకు ఆనుకుని చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"నడిచింది" అంది వనమాల. మళ్ళీ అంది, "నడువకంటే ఇనలే సూడు, నడిచింది."

చెంబు కింద పెట్టి నా మూలలో చెయ్యి పెట్టింది. తిమ్మిరి వేళ్ళకు కార్డు వెంటనే తగల్లేదు. నేను ఎంత చేయగలనో అంత చేశాను, ఆ మూలను కాస్త వదులుగా ఉంచాను. కార్డు బయటికి వచ్చింది. సారంగపాణి దాన్ని చూశాడు, ఆమెను చూశాడు. ఎక్కడ దొరికిందని అడగలేదు. ఏడేళ్ళు అద్దంలో చూసిన మనిషికి అన్నీ అడగాల్సిన పని లేదు.

అప్పటికే భద్రమ్మ పిల్లిని చంకలో వేసుకుని వెనకగదికి నడుస్తోంది, మళ్ళీ గొళ్ళెం వేసుకోవడానికి.

"వదినా, ఆగుండ్రి" అంది వనమాల. "లోపటికి పోకుండ్రి. దాన్ని పట్టుకొని గేటు కాడ నిలవడుండ్రి. మీ ఇద్దరి మొకాలు సూసి పోత."

"వద్దు బిడ్డా. మంచిది గాదు."

"మంచిదో కాదో పొయ్యొచ్చి చెప్త. మీరు నిలవడుండ్రి."

భద్రమ్మ నిలబడింది. గేటు పక్కన, పిల్లిని రెండు చేతులా గుండెకు పట్టుకుని, ఎక్కడ చూడాలో తెలియక ఆకాశం వైపు చూస్తూ. నేను కిటికీలో నుంచి చూశాను. వనమాల ఆటో ఎక్కి ఆమెకు చెయ్యి ఊపింది. భద్రమ్మకు తిరిగి ఊపాలని తెలియలేదు, ఎప్పుడూ ఊపలేదు కదా. పాసు ముందు కాలును తన చేత్తో పట్టుకుని దానితో ఊపించింది. ఆటో మలుపు తిరిగాక అక్కడే గేటు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఏ శకునానికీ భయపడకుండా ఏడ్చింది.

మానకొండూరు దాటింది. కరీంనగర్ కూడా దాటింది. బండి ఖాళీ అయింది. ఇప్పుడు మూడు నెలలకొకసారి పరీక్షకు వెళ్ళి వస్తుంది. వెళ్ళే ముందు రోజు ఎవరూ సరిగ్గా తినరు. డాక్టరమ్మ ఇంతవరకు మంచిమాటే చెప్పింది, ముందుముందు ఏం చెబుతుందో నాకు తెలియదు. వెళ్ళే ప్రతిసారీ గేటు దగ్గర భద్రమ్మ, కుంటిపిల్లి ఎదురు నిలబడాల్సిందే. పరకాల వెళ్తానని భద్రమ్మ మూడుసార్లు ట్రంకుపెట్టె సర్దింది. పెట్టెలో పిల్లి పడుకోవడంతో మూడుసార్లూ ఆగిపోయింది.

వనమాల తల మీద జుట్టు వచ్చింది, పాసు వీపు మీద ఉన్నంత పొట్టిగా, అదే బూడిదరంగులో. డాక్టరమ్మ ఒప్పుకున్నాక నా రెండు సగాలనూ వేడినీళ్ళలో ఉడికించి, ఎండలో ఆరేసి, అరుగు మీద పరిచారు. వనమాలే కుట్టింది. వేళ్ళ తిమ్మిరి ఇంకా పోలేదు, సూది గుచ్చుకున్నా ఆమెకు తెలియడం లేదు, రక్తం చూసి తెలుసుకుంటోంది. సూదిలో దారం ఎక్కించేది భద్రమ్మ. రోజుకు జానెడు చొప్పున తొమ్మిది రోజులు పట్టింది. నా నడుము మీద ఆ కుట్టు ఎల్కతుర్తి దాకా వెళ్ళి, దారి తప్పి, మళ్ళీ వెనక్కి వచ్చినట్లుంటుంది. బాలవ్వ చూస్తే నవ్వుతుంది. నాకు ఒంట్లో ఉన్న కుట్లన్నిటిలో అదే ఇష్టం.

ఇప్పుడు నాకు ఒకే గది. మధ్యాహ్నం మూడింటికి కిటికీ నీడ గోడ మీద సగం దాకా వస్తుంది. నా కింద ఒక మనిషి, ఆమె కడుపు దగ్గర ఒక పిల్లి. అప్పుడప్పుడు, ఎవరూ లేరనుకున్నప్పుడు, కాళ్ళ దగ్గర భద్రమ్మ కూడా. ఎవరి కల ఎవరిదో నేను పట్టించుకోవడం మానేశాను.

కుట్టిన తొమ్మిదో రోజున వనమాల చివరికంటా వచ్చి, ఇంకా జానెడు మిగిలి ఉండగా సూది ఆపింది. "అదేంది, మూల ఇడిసిపెట్టినవ్?" అంది భద్రమ్మ. వనమాల సూదిని రుమాలుకు గుచ్చుకుని లేచింది. బాలవ్వ దగ్గర ఆనాడు దారం అయిపోయిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. వనమాల చేతిలో మాత్రం ఇంకా చాలా దారం ఉంది. నేను చూశాను.